చెల్లెలి పెట్టెలో నాలుగు నిమిషాలు

కిందటి వారం మనం యంత్రాల గది తలుపు దగ్గరగా వేసి వచ్చేసేటప్పటికి ఇంజినీరమ్మ వేలు మీట మీద ఉంది. మనకి వారం గడిచింది. తిన్నాం, పడుకున్నాం, పక్కింటివాళ్ళ మీద నాలుగు మాటలు అనుకున్నాం. ఆమెకి మాత్రం ఇంకా పట్టుమని పది సెకన్లు కాలేదు. వేలు అక్కడే ఉంది. కళ్ళు తెర మీద రెండు వరుసల దగ్గర ఆగిపోయాయి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళదాం. ఇది అంబులెన్సుల కంట్రోల్ రూమ్. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఫోను ఇక్కడే మోగుతుంది, ఇక్కడినుంచే డ్రైవరుకి కబురు వెళుతుంది. వచ్చే ఫోనూ వెళ్ళే కబురూ అన్నీ గాజు తలుపు వెనక ఉన్న ఈ చల్లటి గదిలో, ఇనప చట్రంలో ఒకదాని కింద ఒకటి కూర్చున్న రెండు రౌటర్ల గుండానే పోవాలి. పైదాని పేరు అక్క, కిందిదాని పేరు చెల్లి. తయారుచేసినవాళ్ళు పెట్టిన పేర్లు కావు, ఆఫీసులో పెట్టుకున్నవి. చెల్లికన్నా ఏడాది ముందు కొన్నది గనక అక్క అక్కయింది. సంసారమంతా అదే మోస్తుంది. చెల్లి పక్కన కూర్చుని చూస్తూ ఉంటుంది గాని ఊరికే కాదు, అక్క తూలితే రెప్పపాటులో భుజం అందిస్తుంది.

ఆ రెండింటిలోనూ ఈ రోజు కొత్త ప్రోగ్రాము ఎక్కించాలి. పాతదాంట్లో కన్నం ఉందనీ, దాని గుండా దొంగలు దూరుతున్నారనీ, మధ్యాహ్నం ఒంటిగంటలోగా రెండూ మారి తీరాలనీ కేంద్ర కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. మారుతున్నంతసేపూ ఒక్క ఫోను తెగకూడదు. దానికో పద్ధతి ఉంది. ముందు ఖాళీగా ఉన్న చెల్లిని మార్చాలి. అది లేచి కూర్చున్నాక అక్క మీది భారం దానికి మళ్లించాలి. ఆ తర్వాత అక్కని మార్చాలి. కావడి మోసేవాడు నడక ఆపకుండా భుజం మార్చుకున్నట్టే. ఆ ఊళ్ళో ఫోన్లు కాస్త పలచబడేది పదకొండుకీ పన్నెండుకీ మధ్య గనక ఆ గంటనే ఎంచుకున్నారు.

ఇక ఇంజినీరమ్మ వాళ్ళ అన్నయ్య సంగతి. పదకొండేళ్ళు అంబులెన్సు నడిపిన మనిషి, ఎనిమిది నెలలుగా ఇంట్లో కూర్చున్నాడు. గడియారాలు బాగుచేసే ఒకాయన దుకాణంలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆయన భార్య ఫోను చేసింది పది నలభై ఒకటికి. అన్న బండి కదిలింది పది నలభై ఏడుకి. బండి వెళ్ళేటప్పటికి ప్రాణం పోయింది. మధ్యలో ఆ ఆరు నిమిషాలు ఏం చేశావన్నారు. కబురే నాకు నలభై ఆరుకి వచ్చిందని అన్న మొత్తుకున్నాడు. కంట్రోల్ రూమ్ లెక్కలో నలభై రెండుకే పంపినట్టుంది మరి. దారిలో ఏమైనా తెగిందా అని విచారణవాళ్ళు నెట్‌వర్కు విభాగాన్ని అడిగారు. తెగలేదని లిఖితపూర్వకంగా జవాబు వెళ్ళింది. ఆ విచారణకి ఆఖరి రోజు కూడా ఇదే. ఊరికి ఆ కొసన ఉన్న ఒక ఆఫీసులో పదకొండున్నరకి మొదలవుతుంది.

ఇప్పుడు తెర మీద ఉన్న రెండు వరుసలు చదువుకుందాం. పది నలభై రెండు నిమిషాల ఎనిమిది సెకన్లకి దారి తెగింది. పది నలభై ఆరు నిమిషాల పంతొమ్మిది సెకన్లకి దారి కలిసింది. తేదీ అదే తేదీ.

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఇంజినీరమ్మ దాన్ని మూడుసార్లు లెక్కపెట్టింది, తీసివేత రాని పిల్లలా వేళ్ళ మీద. అన్న అబద్ధమాడలేదు. ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ తెలుసు, కాని తెలియడం వేరు, కళ్ళతో చూడడం వేరు. కళ్ళు చెమర్చాయి. వెంటనే ఒళ్ళు మండిపోయింది.

మామూలుగా ఇలాంటి వరుసలన్నీ ఎప్పటికప్పుడు కేంద్రంలోని పెద్ద రికార్డుకి వెళ్ళిపోతాయి. కాని దారి తెగినప్పుడు, తెగిందని చెప్పడానికి కూడా దారి కావాలి కదా. అందుకే ఈ రెండు వరుసలూ ఎక్కడికీ వెళ్ళలేక చెల్లి కడుపులోనే ఉండిపోయాయి. ఎనిమిది నెలలుగా ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు. ఇప్పుడు కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తే ముందు ఆ కడుపునే కడిగేస్తుంది. వరుసలు పోతాయి. మీట నొక్కి ఉంటే ఈపాటికే పోయేవి.

కాపీ తీసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. తీసుకుంది. ఫోనుతో ఫొటో కూడా తీసింది. కాని రెండు వరుసలు టైపు చెయ్యడం ఎవరికి రాదు? పైగా తీసింది ఎవరు, ముద్దాయి చెల్లెలు. దొంగకి దొంగ చెల్లెలే సాక్షి అంటారు. బయటివాళ్ళు ఎవరైనా వచ్చి, పెట్టెను పెట్టెగానే చూసి, ఉన్నది ఉన్నట్టు రాసుకుంటేనే దానికి విలువ. అంతవరకూ చెల్లిని ఎవరూ ముట్టుకోకూడదు. ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే మేష్టారు లోపలికి వచ్చారు.

మేష్టారంటే బడిలో చెప్పే మేష్టారు కాదు, ఆ విభాగానికి పెద్ద. నలభై మందికి పని నేర్పారు గనక అందరూ అలాగే పిలుస్తారు. ఇంజినీరమ్మకి కేబుల్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. రిటైరవడానికి మూడు నెలలుంది. ఇంకా చెల్లిని మొదలెట్టలేదేం, పదకొండు దాటిపోయిందే, అంటూ వచ్చి ఆమె భుజం మీదుగా తెర చూశారు. చూస్తూనే ఉండిపోయారు. మనిషి రెండు వరుసలు చదవడానికి అంతసేపు పట్టదు.

ఆ కాసేపట్లో ఇంజినీరమ్మకి ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. ఆ రోజు కూడా ఈ పెట్టెల్లో ప్రోగ్రాము మార్చారు. తను సెలవులో ఉంది. చేసింది మేష్టారే. ఆ తర్వాతి వారం నుంచి ఆఫీసులో కొత్త నియమం ఒకటి వచ్చింది. మార్చిన పెట్టెకి పచ్చ దీపం వెలగగానే భారం మళ్లించకూడదు, వెళ్ళి ఒక టీ తాగి రావాలి, అప్పుడే మళ్లించాలి. మేష్టారి టీ నియమమని కుర్రాళ్ళు నవ్వుకునేవారు. ముసలాయనకి టీ మీద ధ్యాస ఎక్కువని తనూ నవ్వింది. పచ్చ దీపమంటే కళ్ళు తెరిచిందనే గాని, ఏ దారి ఎటు పోతుందో దానికి ఇంకా తెలియదని ఆయన చెప్పేవారు. అంతకుముందు ఏడేళ్ళలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

“టీ తాగే నియమం ఆ రోజే పుట్టింది కదా మేష్టారూ?” అంది.

ఆయన గోడవారన ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. పచ్చ దీపం చూశాననీ, వెంటనే మళ్లించాననీ, గాజు అవతల అందరూ ఒక్కసారి హలో హలో అనడం వినిపించిందనీ చెప్పారు. వెనక్కి మళ్లిద్దామంటే అక్కని అప్పటికే ఆపేశారట. చెల్లి దారులు నేర్చుకునేదాకా నిలబడి చూడడం తప్ప చెయ్యగలిగింది లేకపోయింది. అంతా కలిశాక ఎవరూ ఏమీ అడగలేదు. కంప్యూటర్లు అప్పుడప్పుడు మొరాయిస్తాయి కదా అనుకుని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. గడియారాలాయన సంగతి సాయంత్రానికి గాని తెలియలేదు.

“మొదటి రోజు చెప్పేద్దామనే అనుకున్నానమ్మాయ్. రెండో రోజు, మొదటి రోజే ఎందుకు చెప్పలేదంటారేమోనని ఆగాను. అలా ఎనిమిది నెలలైంది.”

ఇంజినీరమ్మకి జాలి వెయ్యలేదు. వెయ్యాల్సిందేమో, నాకు తెలియదు, కాని వెయ్యలేదు. ఈయన నెలకోసారి వాళ్ళింటికి వచ్చేవారు. అన్న పక్కన మంచం మీద కూర్చుని, ధైర్యంగా ఉండవయ్యా, నిజం నిలకడ మీద తేలుతుంది అనేవారు. వదిన ఇచ్చిన టీ తాగేవారు. తేలకుండా కాలుతో తొక్కిపట్టింది ఈయనే అయితే, ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. అదే అడిగింది.

ఇప్పుడే బయల్దేరి విచారణకి వెళ్ళి ఉన్నది చెప్పమంది. ఆయన చేతులు నలుపుకున్నారు. మూడు నెలలు ఆగమన్నారు, రిటైరయ్యాక తానే ఉత్తరం రాస్తానన్నారు. అన్నకి మూడు గంటలు కూడా లేవని ఆమె అంది. ఆయన లేచి, తలుపు తోసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. అప్పటికి పదకొండు ఇరవై అయిదు.

ఒంటిగంట ఉత్తర్వు మాత్రం అలాగే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెల్లిని మారిస్తే అన్న పోతాడు. మార్చకపోతే కన్నం ఉండిపోతుంది, దొంగ దూరితే ఊరే పోతుంది. ఇంజినీరమ్మ గది ఈ కొస నుంచి ఆ కొసకి రెండుసార్లు నడిచింది. అది ఆరడుగుల గది. మూడోసారి తిరిగేటప్పుడు తోచింది. పద్ధతిని తిరగేస్తే? భారం ముందు చెల్లికిచ్చి, అక్కని మార్చి, అక్క లేచాక మళ్ళీ అక్కకే ఇచ్చెయ్యాలి. చెల్లిని చట్రంలోంచి విప్పి పక్కన పెట్టి సీలు వెయ్యాలి. అక్క సాయంత్రం దాకా ఒంటరిగా నెట్టుకొస్తుంది. బయటివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. సీలు పడ్డాకే అన్నకి ఫోను చేద్దామనుకుంది. ప్రమాదమే, కాని చిన్న ప్రమాదం. ఇలా ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదు. చెయ్యకూడదని కూడా ఎక్కడా రాసి లేదు.

నిజానికి ఎవరినైనా అడిగి చెయ్యాల్సింది. అడగాల్సిన పెద్దమనిషి వరండాలో గోడకేసి చూస్తున్నారు. ఆమె అడగలేదు. అదే ఆమె తప్పు.

భారం కొంచెం కొంచెంగా మళ్లించింది. పావు వంతు, సగం, మొత్తం. గాజు అవతల ఫోన్లెత్తే ఆడపిల్లలు తమ మానాన తాము మాట్లాడుతూనే ఉన్నారు. ఒకామె ఎవరికో ఊపిరి ఎలా ఊదాలో చెబుతోంది, మాట ఎక్కడా తొణకలేదు. కావడి భుజం మారింది, చుక్క ఒలకలేదు. చెల్లి ఎప్పటినుంచో మేలుకునే ఉంది గనక టీ కూడా అక్కర్లేకపోయింది. పదకొండు నలభై మూడుకి అక్కకి కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టింది. అక్క దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇరవై అయిదు నిమిషాలు పడుతుందని తెర చెప్పింది. ఈలోగా ఆపితే అక్క మళ్ళీ లేవదని కూడా చెప్పింది.

మేష్టారు తిరిగి వచ్చేసరికి పదకొండు నలభై ఎనిమిది. ఏదో చెప్పాలని నిశ్చయించుకునే వచ్చారు, ముఖం కడుక్కున్నట్టున్నారు, కాలరు తడిసి ఉంది. చట్రం వైపు చూశారు. చీకటిగా ఉన్న అక్కని చూశారు.

“అక్కని ఎందుకాపావు?”

చెప్పింది. ఆయన చట్రం పట్టుకుని నిలబడ్డారు.

“చెల్లి పన్నెండింటికి ఆగిపోతుందమ్మా. నేనే పెట్టించాను.”

నిన్న సాయంత్రం కేంద్రానికి ఫోను చేశారట. నువ్వు మార్చేముందు పాత వరుసలు చదివే రకానివి, నాకు తెలుసు, అని ఆమెతో అన్నారు. చదివి తటపటాయిస్తావేమోనని భయపడ్డారట. అందుకని, చేత్తో మార్చకపోయినా సరే, పన్నెండింటికి చెల్లి దానంతటదే కొత్త ప్రోగ్రాము ఎక్కించుకునేలా కేంద్రం చేత ముహూర్తం పెట్టించారు. భారమంతా అక్క మోస్తుంటుంది, చెల్లి కాసేపు ఆగితే ఎవరికీ తెలియదు, వరుసలు కడిగినట్టవుతాయి అనుకున్నారు. పద్ధతి తిరగబడుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఈ పెట్టెలు వచ్చినప్పటినుంచీ అందరూ చెల్లినే ముందు మార్చారు.

ఇంజినీరమ్మ గడియారం చూసి లెక్క కట్టింది. చెల్లి పన్నెండింటికి ఆగుతుంది. అక్క పన్నెండు గంటల ఎనిమిది నిమిషాల దాకా లేవదు, లేచినా దారులు నేర్చుకోవాలి. ఈలోగా ఊళ్ళో ఎవరు పడిపోయినా ఇక్కడ ఫోను మోగదు. పాత వైర్‌లెస్ సెట్లు ఉండేవి. అడ్డంగా ఉన్నాయని పోయినేడాదే తూకానికి అమ్మేశారు.

రద్దు చెయ్యమంది. కేంద్రం పెట్టిన ముహూర్తాన్ని ఇక్కడి చేతులు చెరపలేవని ఆయన చెప్పారు. ఎవడుపడితే వాడు చెరపకూడదనే అలా కట్టుదిట్టం చేశారు. కేంద్రమే తియ్యాలి. వాళ్ళు కారణం అడుగుతారు. అక్కడ ప్రతి మాటా రికార్డవుతుంది.

“అయితే చెప్పండి,” అంటూ ఆమె ఆ గదిలో ఉన్న ఫోను తీసి, స్పీకరు వేసి, ఆయన చేతిలో పెట్టింది.

మోగింది, ఎత్తారు. కేంద్రం ఇంకో ఊళ్ళో ఉంది. అక్కడ మాట్లాడింది ఎవరో అమ్మాయి, చాలా మర్యాదస్తురాలు. పెట్టె నంబరు అడిగింది, ఆయన ఐడీ అడిగింది, ఎందుకు రద్దు చెయ్యమంటున్నారని అడిగింది. మేష్టారు సాంకేతిక కారణాలన్నారు. అది చాలదని, వివరంగా రాసుకోవాలని ఆ అమ్మాయి అంది. ఆయన గాజులోంచి అవతలికి చూశారు. పద్నాలుగు మంది ఆడపిల్లలు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వరుసలుగా కూర్చున్నారు. వాళ్ళలో ఒకరికి కూడా ఈ గదిలో ఏం జరుగుతోందో తెలియదు. ఈ మనిషి ఇప్పుడు మళ్ళీ ఎనిమిది నెలల కిందటిలాగే ఊరుకుంటే ఏం చెయ్యాలో ఇంజినీరమ్మకి తెలియలేదు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

“రాసుకోమ్మా. ఎనిమిది నెలల కింద ఈ పెట్టెని నేను తొందరపడి మళ్లించాను. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు ఈ ఊరికి అంబులెన్సు లేదు. ఒకాయన పోయాడు. తెగలేదని నేను సంతకం పెట్టాను, తప్పు డ్రైవరు మీదికి పోయింది. ఆ సాక్ష్యం చెరిగిపోవాలనే నిన్న మీ చేత ఈ ముహూర్తం పెట్టించాను. ఇప్పుడు ఊరి భారమంతా ఆ పెట్టె మీదే ఉంది. ఆపకపోతే మళ్ళీ అదే జరుగుతుంది. కారణం అది.”

అవతల టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. ఇంజినీరమ్మ గోడకి ఆనుకుంది. ఆ మాటలు ఇప్పుడు ఒక రికార్డులో ఉన్నాయి, ఇంకెవరూ తుడవలేరు. అన్న బయటపడ్డట్టే అనుకుంది, ఎనిమిది నెలల్లో మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది.

మర్యాదస్తురాలు మళ్ళీ లైనులోకి వచ్చింది. కారణం రాసుకున్నానంది. కాని గడువు పది నిమిషాల్లోపు ఉన్నప్పుడు రద్దుకి తన మీట చాలదట, తమ పెద్దాయన రహస్య సంఖ్య చెప్పాలట. ఆయన ఈ రోజు ఆఫీసులో లేరు. మీ ఊరే వచ్చారండీ అంది. అంబులెన్సు డ్రైవరు కేసు విచారణలో సభ్యులుగా కూర్చున్నారు, లోపల ఫోన్లు కట్టేసి ఉంటాయి, ఇప్పటికే మూడుసార్లు ప్రయత్నించాను అని చెప్పింది.

పదకొండు యాభై అయిదు. ఇంజినీరమ్మ తన ఫోను తీసింది. విచారణ గది తలుపు ముందు బెంచీ మీద, పిలుపు కోసం కూర్చున్న మనిషి ఒకడున్నాడు. వాడి ఫోను ఇంకా మోగుతుంది. వాడు లేచి తలుపు తోస్తే చాలు. ఎవరు ఆపినా ఆగకుండా లోపలికి వెళ్ళి, ఫోను ఆ పెద్దాయన చెవి దగ్గర పెడితే చాలు. ఊరూ బతుకుతుంది, వాడూ బతుకుతాడు.

రెండు రింగులు, మూడు, నాలుగు. ఎత్తాడు.

“చిట్టీ, నన్ను లోపలికి పిలిచారే,” అన్నాడు అన్న, మెల్లగా, ఎవరో పక్కన నిలబడి ఉన్నట్టు. “ఇంక నావల్ల కాదు. ఆలస్యం నాదేనని ఒప్పేసుకుంటా. ఒప్పుకుంటే గ్యారేజీలో పని ఇస్తారట. వదినతో నువ్వే చెప్పు. ఫోను కట్టెయ్యమంటున్నారు, ఉంటా.”

ఆమె అన్నయ్యా అనేలోపే కట్ అయింది. మళ్ళీ చేసింది. స్విచ్ ఆఫ్.

పదకొండు యాభై ఏడు. గాజు అవతల మూడో వరుసలో ఒక అమ్మాయికి ఫోను మోగింది. చెప్పండమ్మా, ఎవరు పడిపోయారు, ఊపిరి ఆడుతోందా, అని అడుగుతోంది. చెల్లి ఆగడానికి ఇంకా మూడు నిమిషాలుంది, మనం మాత్రం మళ్ళీ వచ్చే వారమే తలుపు తీస్తాం.